ప్రామాణిక పులస

పులస చేప అధికారుల టూరు ప్రోగ్రాం చదవదు. మత్స్యశాఖలో ఆ తర్వాత జరిగిన అనర్థమంతా ఇక్కడే మొదలైంది.

గోదావరికి వరదొచ్చి, ఆ ఎర్రనీళ్ళు సముద్రంలో కలిసినప్పుడు, సముద్రంలో తిరిగే విలస అనే చేప గుడ్లు పెట్టుకోవడానికి ఏటికి ఎదురీది నదిలోకొస్తుంది. నదిలోకొచ్చాక దాని పేరు పులస. అప్పుడు దాని రుచి వేరు, దాని మర్యాద వేరు. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత కూడా ఉంది. పుస్తెలు అమ్ముకోనక్కర్లేకుండా తినే వర్గం ఒక్కటే, అది అధికారవర్గం. పులసల కాలంలో మత్స్యశాఖలో ఫైళ్ళకంటే పులుసు క్యారేజీలు వడిగా కదులుతాయి. ఇన్‌స్పెక్టరు ఇంట్లో వండిన పులుసు అసిస్టెంటు డైరెక్టరుకీ, ఆయనింట్లో వండింది ఆ పైవారికీ, అలా మెట్టుమెట్టూ ఎక్కి రాజధాని చేరుతుంది. పులసొక్కటే ఎదురీదుతుందనుకోవడం తప్పు, పులుసు కూడా ఎదురీదుతుంది.

కొత్తగా వచ్చిన కమిషనరు పరాంకుశంగారు ఈ ఆచారాన్ని మరో మెట్టు పైకి తీసుకెళ్ళాలనుకున్నారు. ఒక పెద్దాయన్ని కుటుంబంతో సహా వెంటబెట్టుకుని, పులుసు తినిపించడానికి స్వయంగా గోదావరి ఒడ్డుకే వచ్చారు. ఉన్నన్నాళ్ళూ ఒక్క పులస పడలేదు. పెద్దాయన కుటుంబం వంకాయ కూరతో భోంచేసి కారెక్కింది. ఆ కారు వంతెన దాటిందో లేదో, రేవులో పులసలు పడ్డాయని కబురొచ్చింది.

"నేనున్నప్పుడు రాకుండా నేను వెళ్ళగానే రావడమేమిటయ్యా? వీటికి రావలసిన తేదీ అంటూ ఒకటి లేదా?" అని కమిషనరుగారు అసిస్టెంటు డైరెక్టరు గవర్రాజుని నిలదీశారు.

గవర్రాజు పుట్టింది గోదావరి వైనతేయ పాయ సముద్రంలో కలిసేచోట ఉన్న సూరమ్మలంకలో, వలలు వేసే కుటుంబంలో. ఆ లంకలో చదువుకుని ఆఫీసరైన మొదటివాడు. చెల్లెలు వీరమణినీ, బావ ఏడుకొండల్నీ పోషించేది ఇప్పటికీ ఆ పాయే. గవర్రాజు మనిషి మంచివాడు. ఒక్కటే జబ్బు, పై అధికారి ఎదట నిలబడితే నాలుక చివరిదాకా వచ్చిన నిజం కాస్తా గొంతులోకి వెనక్కి పోతుంది.

"లేదండి. జట్లుజట్లుగా వస్తాయండి," అన్నాడు. "కొన్ని తొలి ఎర్రనీటికే వస్తాయండి. కొన్ని నడి వరదకి, కొన్ని వరద తీశాక దసరా ముందు. కొన్ని గౌతమికి, కొన్ని వశిష్ఠకి, కొన్ని మా వైనతేయకి. ఏ పాయలో పుట్టింది ఆ పాయకే పోతుందంటారండి మావాళ్ళు. పెద్దవీ వస్తాయి, చిన్నవీ వస్తాయి."

కమిషనరుగారికి ఇదంతా కొత్త. ఆయన వెంటనే సమీక్షా సమావేశం పెట్టారు.

"అనగా," అన్నారు సమావేశంలో, బల్లమీద వేలు ఆనించి, "ఒకే శాఖ పరిధిలో, ఒకే జాతికి చెందిన చేపలు, వేర్వేరు పాయల్లో, వేర్వేరు కాలాల్లో, ఇష్టం వచ్చిన సైజుల్లో హాజరవుతున్నాయి. దీన్ని ఏమంటారు?"

"వైవిధ్యమంటారు సార్," అన్నాడు రాజధాని నుంచి తెచ్చుకున్న కన్సల్టెంటు, ఒడిలో కంప్యూటరు పెట్టుకుని.

"సమన్వయలోపమంటారు."

కన్సల్టెంటు వెంటనే కంప్యూటరులో ఆ మాట దిద్దుకున్నాడు.

"ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని ఊరికే అనలేదు పెద్దలు. మన సిబ్బంది పదింటికల్లా వస్తున్నారా లేదా? స్కూలు పిల్లలు ఒకే యూనిఫారంలో వస్తున్నారా లేదా? చేపకెందుకు మినహాయింపు? నా పదవీకాలంలో పులస అంటే ఒకే నది, ఒకే తేదీ, ఒకే సైజు!"

చప్పట్లు మోగాయి. గవర్రాజు చప్పట్లు కొట్టలేదు. ఆయనకు చిన్ననాటి ఒక ఏడాది కళ్ళలో మెదిలింది. తొలి ఎర్రనీటి జట్టుని తుపాను తుడిచిపెట్టేసింది. నడివరద జట్టు ఏమైందో తెలియదు. లంకలో పొయ్యిలు వెలగక, వాళ్ళమ్మ గంజి కూడా పలచన చేసి పోస్తున్న రోజుల్లో, ఇక రావనుకున్న కడపటి జట్టు వైనతేయలోకొచ్చింది. ఒక జట్టు చెడితే ఇంకో జట్టు ఆదుకునేది, ఒక పాయ ఎండితే ఇంకో పాయ నిండేది. అవి ఒక్క మాటమీద నడవకపోవడమే లంక చేసుకున్న పుణ్యం. ఈ మాట చెప్పాలని గవర్రాజు లేచి నిలబడ్డాడు.

"చెప్పండి గవర్రాజుగారూ," అన్నారు కమిషనరు.

అందరూ తనవైపు చూశారు. గొంతులో ఏదో వెనక్కి తిరిగింది.

"దానికి... ప్రామాణిక పులస అని పేరు పెడితే బాగుంటుంది సార్," అన్నాడు.

కమిషనరుగారి మొహం విప్పారింది. అక్కడికక్కడే గవర్రాజుని పథకానికి నోడల్ ఆఫీసరుగా వేశారు. ఉత్తర్వు కూడా ఆయనచేతే రాయించారు. అది ఇలా వచ్చింది: "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఇకపై పులసల రాక వశిష్ఠ పాయయందు మాత్రమే, ఆగస్టు పదిహేను పరిసర దినములలో, కిలోన్నర పరిమాణమున జరుగవలెను. ఇందుకు భిన్నముగా, ముందుగా గానీ, ఆలస్యముగా గానీ, ఇతర పాయలయందు గానీ హాజరగు చేపలు అప్రామాణికములుగా పరిగణింపబడి, వాటి సంతతి కొనసాగకుండ తగు చర్యలు గైకొనబడును."

తగు చర్యలంటే వలలు. గౌతమిలోనూ వైనతేయలోనూ ప్రతి పడవకీ సన్నకన్ను వల ఉచితంగా పంచారు. ఎన్ని పట్టినా, ఎప్పుడు పట్టినా అడిగేవాడు లేడు. వశిష్ఠలో మాత్రం తేదీకి వచ్చినవాటిని గుడ్లు పెట్టుకోనిచ్చి, తేదీ తప్పినవాటిని ఏరిపారేశారు. ఆఫీసు హాల్లో ప్రామాణిక పులస నమూనా ఒకటి ఉక్కుతో చేయించి అద్దాల పెట్టెలో పెట్టారు. అది చూడచక్కగా ఉండేది. అటెండరు దానికి శుక్రవారం శుక్రవారం అగరొత్తి వెలిగించేవాడు.

లంకకి వల పంచడానికి గవర్రాజు తనే వెళ్ళాడు. ఏడుకొండలు వలను భుజానేసుకుని మురిసిపోయాడు.

"ఏం సిత్రం బావా! ఇన్నాళ్ళూ సన్నకన్ను వలేత్తే కేసులెట్టినోళ్ళు, ఇయ్యేళ సేతికిచ్చి మరీ పట్టమంటన్నారు. సర్కారంటే ఇదీ!"

వీరమణికే ఆనందం అంతగా అంటలేదు. "గుడ్ల సేపలన్నీ పట్టేత్తే రేపటికేం మిగుల్తాది అన్నియ్యా?" అంది.

"అదంతా పైవాళ్ళు ఆలోచించే చేశారమ్మా," అన్నాడు గవర్రాజు. అన్నాక ఆ రాత్రి అన్నం సయించలేదు.

రెండేళ్ళపాటు పండగే పండగ. రెండు పాయల్లోనూ పడవలు మునిగేటట్టు పులసలు పడ్డాయి. ఏడుకొండలు ఇంటికి సున్నం కొట్టించి, పెళ్ళానికి గాజులు చేయించాడు. ఎవరూ ఎవరినీ తప్పు పట్టలేదు, తిలా పాపం తలా పిడికెడు. ఉత్పత్తి ఎన్నడూ లేనంత పెరిగిందని శాఖకి బహుమతి వచ్చింది. విత్తనాల గాదె ఖాళీ చేసి తిన్న ఏడు రైతు ఇంట్లో కూడా అన్నం నిండుగానే ఉంటుంది.

ఇంతలో ఆడిటువాళ్ళు ఒక అభ్యంతరం లేవదీశారు. "సదరు చేపలకు ముందస్తు సమాచారము అందజేయకుండ క్రమశిక్షణా చర్యలు గైకొనుట సహజ న్యాయసూత్రములకు విరుద్ధము" అని. కమిషనరుగారు అభ్యంతరాన్ని గౌరవించారు. వశిష్ఠ ముఖద్వారం దగ్గర, సముద్రంవైపు తిప్పి, తాటిచెట్టంత హోర్డింగులు వరసగా పెట్టించారు. వాటిమీద తేదీలు, రాత్రిపూట కనిపించడానికి దీపాలు, "ప్రామాణిక పులసలకు దారి" అని బాణం గుర్తు, కింద చేతులు జోడించిన కమిషనరుగారి ఫొటో. సముద్రంలోంచి అక్షరాలు సరిగ్గా కనిపిస్తున్నాయో లేదో చూడటానికి గవర్రాజు పడవ కట్టించుకుని లోపలిదాకా వెళ్ళాడు. బాగానే కనిపిస్తున్నాయని సర్టిఫికెట్టు ఇచ్చాడు.

మూడో ఏడు పథకం ఫలించింది. ముందుగా ఒక్కటీ రాలేదు, వెనగ్గా ఒక్కటీ రాలేదు. గౌతమి ఖాళీ, వైనతేయ ఖాళీ. ఆగస్టు పదిహేనుకి మాత్రం, జెండా ఎగరేసే వేళకి, వశిష్ఠలోకి పులసలన్నీ ఒక్క జట్టుగా, దాదాపు ఒక్క సైజులో వచ్చాయి. కమిషనరుగారు మళ్ళీ వెంటబెట్టుకొచ్చిన పెద్దాయన రేవులో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. బ్యాండుమేళం, సన్మానాలు. "చేపకు సైతం సమయపాలన నేర్పవచ్చునని ఈ శాఖ నిరూపించినది," అని కమిషనరుగారు మైకులో చెప్పగానే, ఉద్యానశాఖవారు మామిడికాయలన్నీ ఒకేరోజున పండే పథకానికి అక్కడే కమిటీ వేసుకున్నారు.

ఉత్సవంలో ఒక పక్కన తాటాకు పందిరి వేసి "సంప్రదాయ మత్స్యకారుడు" అని బోర్డు పెట్టారు. అందులో తలపాగా, మొలకి గోచీ, భుజాన ఖాళీ వలతో నిలబెట్టింది ఏడుకొండల్నే. వైనతేయని పులసరహిత పాయగా ప్రకటించి, లంకలోని పులసవలలన్నీ శాఖ గోదాములో జమ చేయించుకున్నారు కాబట్టి ఆయనకి వేరే పనిలేదు. ఆ పని గవర్రాజే ఇప్పించాడు.

"ఎంతసేపు నిలబడాలి బావా?" అని అడిగాడు ఏడుకొండలు.

"పెద్దాయన ఫొటో దిగేదాకా."

"సరేలే. సేపల్లేకపోయినా మనకి గిరాకీ తగ్గలేదు," అని నవ్వాడు. గవర్రాజు నవ్వలేకపోయాడు. బావని గోచీతో నిలబెట్టిన సిగ్గు ఆయన్ని ఇంటిదాకా వదల్లేదు.

ఇక నాలుగో ఏడు. హోర్డింగులు పులసలు చదివాయో లేదో ఎవరూ చెప్పలేరు గానీ, సముద్రంలో చేపలు పట్టే ట్రాలర్లవాళ్ళు మాత్రం చదివారు. వెనకటికి ఎక్కడ, ఎప్పుడు, ఏ పాయలోకి వస్తాయో తెలియక ఎక్కడెక్కడో తిరిగేవాళ్ళకి, తేదీ, దారి, బాణం గుర్తు, పైగా దీపాలు. జెండా పండగకి ముందే చుట్టుపక్కల రేవుల ట్రాలర్లన్నీ వచ్చి, పెళ్ళివారి కార్లు ఆగినట్టు, ముఖద్వారానికి అడ్డంగా బారులు తీరాయి. ఉన్నది ఒక్కటే జట్టు. వచ్చింది ఒక్కటే దారిన. నదిలో అడుగుపెట్టకముందే జట్టు మొత్తం వలల్లోకెళ్ళింది.

ఆగస్టు పదిహేనున రేవులో అన్నీ ఉన్నాయి, కుర్చీలు, బ్యాండు, పందిరి, ఉక్కు పులస మెడలో బంతిపూల దండ. ఏట్లో నీళ్ళు తప్ప ఏమీ లేవు. పోనీ కుర్చీలు ఎత్తేద్దామా అంటే కుదరదు. ఆ ఏడు సముద్రంలో విలస రికార్డుస్థాయిలో పట్టినందుకు శాఖ మెరైన్ విభాగానికి బహుమతి ఇవ్వవలసింది కూడా అదే వేదికమీద. కమిషనరుగారు చెదరని చిరునవ్వుతో ఇచ్చారు.

ఆయన వేదిక దిగగానే గవర్రాజు చెవిలో, "సార్, మెరైన్‌వాళ్ళు పట్టిందంతా మన పులసే సార్," అన్నాడు.

"నదిలోకి రాకముందు అది విలస. విలస మన విభాగం కాదు. కనుక మనకు నష్టం జరగలేదు."

"ఇంకో జట్టు కూడా లేదు సార్ ఆదుకోవడానికి."

"అప్రామాణిక ఆలోచనలు మానండి. రిపోర్టు నేను చెబుతాను, రాసుకోండి."

రిపోర్టు బ్రహ్మాండంగా వచ్చింది. "రాష్ట్ర చరిత్రలో తొలిసారిగా, అన్ని పాయలయందును, అన్ని దినములయందును, పులసల రాకలో ఎట్టి వ్యత్యాసము కానరాలేదు. ఏకరూపత నూటికి నూరుపాళ్ళు సాధింపబడినది." ఎక్కడా అబద్ధం లేదు. ఎక్కడా ఒక్క చేపా లేదు. ఐదో ఏడు కూడా అలాగే సాధింపబడింది. ఆ ఏడు పులుసు క్యారేజీలకి వేరే రాష్ట్రం నుంచి ఐసులో వచ్చిన చేప వండి పంపారు. మసాలా కాస్త ఎక్కువ వేయమని శాఖాపరమైన సూచన వెళ్ళింది.

ఆ ఏడు దసరా ముందు గవర్రాజు సెలవు పెట్టి చెల్లెలింటికి వెళ్ళాడు. ఏడుకొండలు జెల్లచేపల కోసం వైనతేయలో చిన్నవల వేస్తుంటే, తోచక తనూ పడవెక్కాడు. వరద తీసి నీళ్ళు తేటబడుతున్నాయి. వల లాగుతున్న ఏడుకొండలు ఉన్నట్టుండి ఆగిపోయాడు. వలలో వెండిలా ఏదో తళుక్కుమంది.

"బావా... పులస! కడపటి జట్టుది బావా!"

గవర్రాజు వంగి చూశాడు. ఆడచేప. పొట్ట గుడ్లతో ఉబ్బి ఉంది. మొప్పలు ఆడుతున్నాయి. ఆ పొట్టలో లంక మొత్తం ఉంది, వీరమణి పొయ్యి ఉంది, ఇక రాదనుకున్న జట్టంతా ఉంది.

"నీళ్ళల్లోనే అట్టిపెట్టాను. పైకి తీత్తే సచ్చిపోద్ది. వల కోసేసి వదిలేద్దునా?" అన్నాడు ఏడుకొండలు, కత్తికోసం చెయ్యి చాపుతూ.

వదిలెయ్యి అనాలి. అంతే. గవర్రాజు నోరు తెరిచాడు.

"ఒక్క నిమిషం ఆగు బావా," అన్నాడు. "ఉత్తర్వు ప్రకారం ఇది అప్రామాణికం. వదలాలంటే పర్మిషన్ కావాలి. నేను నోడల్ ఆఫీసర్ని."

ఫోను తీశాడు. కమిషనరుగారు మీటింగులో ఉన్నారన్నారు. అర్జంటన్నాడు. లైన్లో ఉండమన్నారు. ఉన్నాడు.

"ఏ పాయ?" అన్నారు చివరికి కమిషనరుగారు.

"వైనతేయ సార్."

"అది పులసరహిత పాయ కదా?"

"అవును సార్."

"మరి అందులో పులస ఎలా ఉంటుంది?"

"ఉంది సార్. ఎదురుగా చూస్తున్నాను."

"అధికారికంగా చూస్తున్నారా, వ్యక్తిగతంగానా?"

గవర్రాజు తడబడ్డాడు. "సెలవులో ఉన్నాను సార్."

"అయితే వ్యక్తిగతం. లీగల్ సెల్ అభిప్రాయం తీసుకోవాలి. లైన్లో ఉండండి."

"బావా, మొప్పలు ఆడటం తగ్గతంది," అన్నాడు ఏడుకొండలు. ఆయన రెండు చేతులూ నీళ్ళలో ముంచి చేపని నిలువుగా పట్టుకుని ఉన్నాడు.

"వచ్చేస్తుంది బావా, పర్మిషన్ వచ్చేస్తుంది."

వచ్చింది కూడా. "ప్రత్యేక సందర్భముగా పరిగణించి విడుదలకు అనుమతిస్తున్నాను," అన్నారు కమిషనరుగారు ప్రసన్నంగా. "మంచి పరిణామం. విడిచిపెడుతున్న ఫొటో ఒకటి వెంటనే పంపండి."

గవర్రాజు ఫోను దించి చూసేసరికి చేప ఏడుకొండలు చేతుల్లో పక్కకి ఒరిగిపోయి ఉంది. గవర్రాజు పడవలో కూలబడి, ఆఫీసరునన్న సంగతి మరిచి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎవరినీ అడగనక్కర్లేని మాట. తన నోటిది. లంకలో పుట్టిన ఏ పిల్లాడైనా అనేసి ఉండేవాడు.

ఏడుకొండలు, "ఫొటో అడుగుతన్నట్టున్నారు. తీసుకో బావా, లేపోతే నీ ఉద్యోగం మీదకొత్తాది," అని వల కోసి, చచ్చిన చేపని నీళ్ళలో నిటారుగా పట్టుకున్నాడు. గవర్రాజు ఫొటో తీశాడు. చేయి వదలగానే చేప వెల్లకిలా తిరిగి, పోటు తీస్తున్న నీళ్ళతో సముద్రంవైపు కొట్టుకుపోయింది.

"వీరమణికి సెప్పకు బావా. గుడ్ల సేపంటే తట్టుకోలేదు," అన్నాడు ఏడుకొండలు వల చుడుతూ.

దసరా వెళ్ళేలోపే లంకరేవులో హోర్డింగు లేచింది, ఈసారి ఊరివైపు తిప్పి. "వైనతేయకు తిరిగివచ్చిన పులస. శాఖ కృషికి నిదర్శనం." ఏడుకొండలు చేతులు, చేతుల మధ్య వెండిలా మెరుస్తూ చేప, పక్కన కమిషనరుగారు. లంకజనం దానికింద చేరి, చూసినవాళ్ళే మళ్ళీ మళ్ళీ చూశారు. గవర్రాజు తనిఖీకి వచ్చేసరికి వీరమణి ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. ఆమె కళ్ళు వెలిగిపోతున్నాయి.

"పొట్టనిండా గుడ్లే కదన్నియ్యా! ఎంత మంచి పని సేశారు, వదిలేశారంట! ఈయన నాతో ఒక్క ముక్కన్నా సెప్పలేదు సూడు. వచ్చే ఏడుకి దాని పిల్లలొత్తాయా?"

ఏడుకొండలు తలొంచుకుని కాలితో ఇసక గీస్తున్నాడు. లంక లంకంతా గవర్రాజు నోటివంక చూస్తోంది.

"వలలన్నీ మీ గోదాములోనే పుచ్చిపోతన్నాయి," అంది వీరమణి. "ఇప్పట్నుంచే బాగు సేసుకోపోతే పనికి రావు. ఇప్పిత్తావా అన్నియ్యా?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. గవర్రాజు గొంతు సవరించుకున్నాడు.

"పైవాళ్ళని అడిగి చెబుతానమ్మా," అన్నాడు.